తాగుడు మానిపించే పొడి గురించి, గోదావరి డెల్టా ఆర్‌ఎంపీ డాక్టర్లకు బహిరంగ లేఖ

అయ్యా,

కోనసీమలోనూ, వశిష్ఠకి అవతల నరసాపురం, పాలకొల్లు, భీమవరం వైపు పల్లెల్లోనూ ప్రాక్టీసు చేస్తున్న ఆర్‌ఎంపీ డాక్టర్లందరికీ ఈ ఉత్తరం. నేను మీ ఊళ్లలాంటి ఊళ్లోనే మందుల షాపు నడుపుతున్న ఫార్మసిస్టుని. మీలో చాలామంది రాసి పంపే చీటీలు రోజూ నా చేతికి వస్తాయి. మీరేం రాస్తారో నాకు తెలుసు, నేనేం అమ్ముతానో మీకు తెలుసు. కాబట్టి దాపరికం లేకుండా మాట్లాడుకోవచ్చు.

అల్లోపతి మందులు ఇచ్చే హక్కు చట్టం మీకు ఇవ్వలేదని వేరే చెప్పక్కర్లేదు. ఆ మాట మీకు ఎవరో ఒకరు గుర్తుచేస్తూనే ఉంటారు. కానీ గౌతమి లంకల్లో అర్ధరాత్రి మనిషికి ఫిట్స్ వస్తే ఇంటివాళ్లు ముందు తట్టేది మీ తలుపే. భర్త తాగుడు గురించి, కూతురి నిద్రలేమి గురించి, కోడలి ఏడుపు గురించి వాళ్లు మొదట నోరు విప్పేదీ మీ దగ్గరే. కలెక్టరు గారికో, జిల్లా వైద్యాధికారి గారికో రాస్తే ఒక ఫైలు తయారవుతుంది. మీకు రాస్తే రేపు రాత్రి ఏదో ఒక ఇంట్లో చేపల పులుసులో ఒక మాత్ర పడకుండా ఆగొచ్చు. అందుకే మీకు రాస్తున్నాను.

ఆ మాత్ర సంగతి మీకు బాగా తెలుసు. తల్లో, పెళ్లామో వస్తుంది. "ఆయనకి తెలియకుండా కూరలో కలిపేది ఏదన్నా ఇవ్వండి బాబూ" అంటుంది. మీలో కొందరు చీటీ మీద డైసల్ఫిరామ్ రాస్తున్నారు. కొందరు దాన్నే నూరి, పొట్లాలు కట్టి, ఆకుమందు పొడి అని చెప్పి ఇస్తున్నారు. ఎంతకి ఇస్తున్నారో నేను అడగను.

ఈ మందు 1940ల చివర్లో డెన్మార్కులో తాగుడు వైద్యంలోకి వచ్చింది. ఇది చేసే పని ఒక్కటే. మనం తాగిన ఆల్కహాల్ కాలేయంలో ముందు ఎసిటాల్డిహైడ్ అనే విషంగా మారుతుంది, తర్వాత ఆ విషం విరిగిపోతుంది. డైసల్ఫిరామ్ ఆ రెండో మెట్టుని ఆపేస్తుంది. అప్పుడు ఒక పెగ్గు పడినా విషం పేరుకుపోయి మొహం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులవుతాయి, బీపీ పడిపోతుంది. గుండె జబ్బు ఉన్నవాడైతే ప్రాణం మీదికే వస్తుంది. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు కనుసన్నల్లో వేసుకునేవాడికి ఈ మందు పనికొస్తుంది. ఎందుకంటే దీని బలమంతా భయంలో ఉంది. "ఈ మాత్ర వేసుకున్నాను, తాగితే పోతాను" అన్న ఎరుక మనిషిని సీసా దగ్గర ఆపుతుంది. మరి మాత్ర వేసుకున్నట్టే తెలియనివాడికి భయం ఎక్కడి నుంచి వస్తుంది? వాడు రోజూలాగే బెల్టు షాపుకి వెళ్తాడు, రోజూలాగే తాగుతాడు, ఇంటికొచ్చి పడిపోతాడు. అన్నంలో ఏదో కలిపారని తెలిసిన రోజున పెళ్లాం చేతి కూడు తినడం మానేస్తాడు, తాగుడు మాత్రం మానడు.

పైగా ఈ మందు పని కాలేయంలో. తాగుడు కోరిక పుట్టేది మెదడులో. నేను మీకు చెప్పాలనుకున్న అసలు విషయం ఇక్కడే ఉంది.

మెదడులో కబుర్లు మోసే రసాయనాలు రెండు రకాలు. డోపమైన్, సెరటోనిన్, గ్లుటమేట్ లాంటి చిన్న అణువులు ఒక రకం. వీటి పేర్లు మెడికల్ రిప్రజెంటేటివ్‌ల నోట మీరు వినే ఉంటారు. రెండో రకం న్యూరోపెప్టైడ్లు. అమైనో ఆమ్లాలను దండగా గుచ్చినట్టుండే చిన్న చిన్న ప్రొటీన్ ముక్కలు. కొన్నింటిలో అయిదే అమైనో ఆమ్లాలు ఉంటాయి, కొన్నింటిలో నలభై దాకా ఉంటాయి. చిన్న అణువులు తూములోంచి పక్క బోదెలోకి పడ్డ నీళ్లలాంటివి, ఒక కణం నుంచి దాన్ని ఆనుకున్న కణానికి క్షణంలో కబురు చేరుస్తాయి. పెప్టైడ్లు లాకులెత్తి వదిలిన కాలువ నీళ్లు. నెమ్మదిగా వెళ్తాయి, చాలా దూరం వెళ్తాయి, ఆయకట్టు మొత్తాన్నీ తడుపుతాయి. ఆకలి, భయం, నొప్పి, నిద్ర, బిడ్డ మీద మమకారం, తాగితే వచ్చే హాయి లాంటి పెద్ద పెద్ద స్థితుల వెనక వీటి చేయి ఉంటుంది. నరం బాగా జోరుగా కొట్టుకున్నప్పుడే ఇవి ఎక్కువగా విడుదలవుతాయి. అంటే మామూలు పూట కన్నా ఒత్తిడి, నొప్పి, వ్యసనం ఉన్న పూట వీటి పెత్తనం ఎక్కువ.

1975లో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్లిట్జ్ పందుల మెదళ్ల నుంచి ఎన్‌కెఫలిన్లు అనే రెండు పెప్టైడ్లను విడదీశారు. ఒక్కోదానిలో అయిదేసి అమైనో ఆమ్లాలు. నల్లమందు, మార్ఫిన్ మెదడులో ఏ తాళంలో దూరతాయో ఇవీ అందులోనే దూరతాయి. అంటే మన మెదడు తనకు కావలసిన నల్లమందుని తానే తయారుచేసుకుంటోందన్నమాట. బీటా ఎండార్ఫిన్ కూడా ఈ కుటుంబానిదే. తాగినప్పుడు మనుషుల మెదడులో ఈ ఎండార్ఫిన్లు విడుదలవుతాయని స్కానింగుల్లో చూశారు. మొదటి పెగ్గుకి భుజాలు దిగి, మాట తేలికై, "ఇంకోటి పడితే బాగుణ్ణు" అనిపించడం వెనక ఉన్నది చాలావరకు ఇదే.

నాల్‌ట్రెక్సోన్ అనే మాత్ర ఆ తాళంలో తాను కూర్చుంటుంది. ఎండార్ఫిన్ వస్తుంది గానీ దానికి చోటు దొరకదు. తాగితే వాంతులూ కావు, విషమూ పేరుకోదు. కాకపోతే తాగినా మునుపటి మజా ఉండదు, రెండో పెగ్గు మీద మనసు అంత గట్టిగా లాగదు. అమెరికాలో దీన్ని తాగుడు వైద్యానికి 1994లో అనుమతించారు. మన దేశంలోనూ దొరుకుతుంది. మామూలు మోతాదు రోజుకి 50 మిల్లీగ్రాములు. ఇదేదో అద్భుతం అని చెప్పను. 2014లో పరిశోధనలన్నింటినీ కలిపి లెక్కగట్టినప్పుడు, పన్నెండు మందికి ఇస్తే మళ్లీ విపరీతంగా తాగడంలో పడకుండా అదనంగా ఒకరు ఆగారని తేలింది. తక్కువే అనిపిస్తుంది. బీపీ మాత్రకి, కొలెస్ట్రాల్ మాత్రకి కూడా ఇలాంటి లెక్కే కడితే ఇది ఏమంత తీసిపోదు. పన్నెండు కొంపల్లో ఒక కొంప నిలబడ్డం నాకైతే చిన్న విషయంగా కనబడదు.

అలాగని రేపటి నుంచి నాల్‌ట్రెక్సోన్ రాసేయకండి. రాసినా నేను ఇవ్వను. నొప్పులకి ట్రమడాల్ వాడేవాడికి ఇది పడితే ఒంట్లో ఉన్న ఓపియాయిడ్‌ని, అంటే ఆ నల్లమందు జాతి మందుని, ఒక్కసారి తోసేసి గిలగిలలాడిస్తుంది. ట్రమడాల్ లాంటివి ఆపి వారం, పది రోజులు గడిచాక గానీ మొదలుపెట్టకూడదు. కొబ్బరి దింపు కూలీల్లో, వలలు లాగేవాళ్లలో, రొయ్యల చెరువు దగ్గర రాత్రిళ్లు కాపలా ఉండేవాళ్లలో ట్రమడాల్ ఎంతమంది వాడుతున్నారో నాకన్నా మీకే బాగా తెలుసు. కాలేయం పరీక్ష కూడా చేయించాలి. ఇదంతా సైకియాట్రిస్టు చేయాల్సిన పని. కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. అక్కడికి పంపడం మీ పని. "పిచ్చాసుపత్రికి పంపుతున్నాడు" అని ఊళ్లో మాట వస్తుందని మీ భయం. ఆ భయం నిజమైనదే. దాన్ని పోగొట్టే మాట కూడా మీ నోట్లోనే ఉంది. నేను చెబితే షాపాయన వ్యాపారం అనుకుంటారు. మీరు "షుగరుకి కాకినాడ వెళ్లినట్టే ఇదీను, మెదడులో ఒక రసాయనం అదుపు తప్పింది, దానికి మాత్ర ఉంది" అంటే నమ్ముతారు.

తాగుడు మానిన మర్నాటి సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి. మెదడులో భయాన్ని, ఒత్తిడిని నడిపించే పెప్టైడ్ ఒకటుంది. దాని పేరు సీఆర్‌ఎఫ్, 41 అమైనో ఆమ్లాలు. వైలీ వేల్ అనే శాస్త్రజ్ఞుడి బృందం లక్షల గొర్రెల మెదడు ముక్కల నుంచి దాన్ని రాబట్టి 1981లో ప్రకటించింది. ఏళ్ల తరబడి తాగి ఒక్కసారి ఆపితే మెదడులో భయం పుట్టే భాగంలో ఈ సీఆర్‌ఎఫ్ పెరుగుతుందని జంతువుల మీద చేసిన పరిశోధనల్లో స్పష్టంగా తేలింది. పొద్దున్నే గుండె దడ, ఊరికే చిరాకు, ఏదో ముంచుకొస్తోందన్న దిగులు. ఆ దశలో మనిషి మజా కోసం తాగడు, ఆ దిగులు ఆగడానికి తాగుతాడు. "ఆయ్, మానేశానండి" అని ప్రభల తీర్థంలో ఒట్టేసినవాడు నాలుగో రోజుకి మళ్లీ సీసా పట్టుకుంటే ఊరంతా వాడి మాటకి విలువ లేదంటుంది. వాడి తలలో ఏం జరిగిందో ఊరికి తెలియదు. మీకు తెలిసి ఉండాలి.

ఆ మూడు నాలుగు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు, లేనివి కనబడి వినబడే సన్నిపాతం రావచ్చు. ఇక్కడ మీరు పెట్టే గ్లూకోజు సీసా గురించి ఒక మాట. ఏళ్లుగా తాగేవాడి ఒంట్లో బీ1 విటమిన్, అంటే థయమిన్, అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి మెదడు శాశ్వతంగా దెబ్బతినొచ్చు. ఆ తర్వాత జ్ఞాపకశక్తి పోయి, నడక తూలి, చూపు చెదిరి ఉండే మనుషుల్ని చూసి "తాగి తాగి పిచ్చెక్కింది" అంటాం. తాగేవాడికి గ్లూకోజు సీసా పెట్టకండి, 108కి ఫోన్ చేయండి. ఇది పెప్టైడ్ల సంగతి కాదని తెలుసు, అయినా చెప్పకుండా ఉండలేను.

సీఆర్‌ఎఫ్‌ని అడ్డుకునే మందు చేస్తే తాగుడు, దిగులు రెండూ తగ్గుతాయని కంపెనీలు చాలా ఆశ పెట్టుకున్నాయి. ఎలుకల్లో పనిచేసింది, మనుషుల్లో పనిచేయలేదు. ఇలాంటి కథ ఇంకోటి చెబుతాను, ఎందుకంటే రేపు ఎవడో "మెదడు పెప్టైడ్ ఇంజెక్షన్" అని బ్యాగు తగిలించుకుని మీ దగ్గరికి వచ్చినప్పుడు ఇది గుర్తుండాలి.

1931లో లండన్‌లో ఉల్ఫ్ వాన్ ఆయిలర్, జాన్ గాడమ్ గుర్రం మెదడు నుంచి, పేగుల నుంచి ఒక పొడి తీశారు. అదేమిటో తెలియక సబ్‌స్టెన్స్ పి అన్నారు, ఆ పేరే నిలిచిపోయింది. అది 11 అమైనో ఆమ్లాల పెప్టైడ్ అని తేలడానికి 1970ల దాకా పట్టింది. నొప్పి కబురు మోయడంలో, వాంతిలో, ఆందోళనలో దీనికి పాత్ర ఉంది. దీన్ని అడ్డుకుంటే డిప్రెషన్ తగ్గుతుందని 1998లో ఒక పెద్ద సైన్సు పత్రికలో ఫలితం వచ్చింది. అప్పటికి వాడుకలో ఉన్న మందుతో సమానంగా పనిచేసిందన్నారు. ప్రపంచమంతా ఎగిరి గంతేసింది. తర్వాత ఇంకా పెద్ద పరీక్షలు చేస్తే ఉత్తుత్తి మాత్ర కన్నా ఏమీ మెరుగు కాదని తేలింది. అదే మందు 2003లో కీమోథెరపీ వాంతులకి అనుమతి తెచ్చుకుంది. పేరు అప్రెపిటెంట్. దిగులుకి పనికిరానిది వాంతికి అద్భుతంగా పనికొచ్చింది. మీ ఊళ్లలో క్యాన్సర్‌కి వైజాగో, హైదరాబాదో వెళ్లి వచ్చినవాళ్ల మందుల సంచిలో చూడండి, ఉంటుంది.

ఒక పెప్టైడ్‌కి ఒక జబ్బుతో సంబంధం ఉందని తెలియడం ఒక ఎత్తు. దాన్ని మందుగా మార్చడం ఇంకో ఎత్తు. ఈ రెండింటికీ మధ్య ఉన్న అడ్డు ఏమిటో షుగరు వైద్యం చేసేవాళ్లుగా మీకు సులువుగా అర్థమవుతుంది. ఇన్సులిన్ కూడా పెప్టైడే. దాన్ని మాత్రగా మింగితే కడుపు దాన్ని పప్పు అరిగించుకున్నట్టే అరిగించేసుకుంటుంది. అందుకే పొట్ట మీద పొడుచుకుంటారు. మెదడు పెప్టైడ్లకి కడుపు ఒక అడ్డు, దాన్ని దాటినా రక్తంలో నిమిషాల్లో విరిగిపోవడం ఇంకో అడ్డు, అదీ దాటితే రక్తానికి, మెదడుకి మధ్య ఉన్న గోడ మరో అడ్డు. అందుకే ఇప్పటిదాకా నిలబడ్డ మందుల్లో చాలావరకు పెప్టైడ్లు కావు. ఆ పెప్టైడ్ కూర్చునే తాళాన్ని పట్టుకునే చిన్న అణువులు. నాల్‌ట్రెక్సోన్ అలాంటిదే, అప్రెపిటెంట్ అలాంటిదే. కాబట్టి సీసా మీద పెప్టైడ్ అని రాసి ఉంటే చాలు, మెదడుకి బలం అనుకోకండి. "నరాల బలం" ఇంజెక్షన్లకి మనవాళ్లు ఇప్పటికే తగలేసింది చాలు.

ఆక్సిటోసిన్ గురించి అయితే కొంచెం కోపంగానే రాస్తాను. ఇది మన డెల్టాలో అందరికీ తెలిసిన న్యూరోపెప్టైడ్, అలా అని తెలియకపోయినా. దూడ మూతి పెట్టగానే గేదె చేపేది దీనివల్లే. మెదడులో తయారై రక్తంలోకి వచ్చి పొదుగుని పిండుతుంది. కాన్పులో గర్భసంచిని ముడుచుకునేలా చేసేదీ, బాలింతకి రక్తస్రావం ఆపేదీ ఇదే. తొమ్మిదే అమైనో ఆమ్లాలు. విన్సెంట్ డు విన్యో 1953లో దీన్ని ప్రయోగశాలలో తయారుచేశాడు, 1955లో ఆయనకి రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అలాంటి మందుని ఇక్కడ పాల కోసం గేదెలకి పొడుస్తున్నారు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 12వ సెక్షన్ కింద అది నేరం. ఈ దుర్వినియోగం చూసే 2018లో కేంద్రం ప్రైవేటు కంపెనీలు దీన్ని దేశంలో అమ్మడానికి తయారుచేయకూడదంది. కాన్పుల్లో రక్తస్రావంతో చనిపోయే తల్లులకి మందు దొరకదన్న వాదన మీద అదే ఏడు డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వుని కొట్టేసింది. ఇంట్లో కాన్పు తొందరగా కావాలని దీన్ని పొడిచే అలవాటు మీలో ఎవరికైనా ఇంకా మిగిలి ఉంటే, గర్భసంచి చిరిగి తల్లీ బిడ్డా ఇద్దరూ పోయే ప్రమాదం ఉంది. ఇంతకన్నా దీని మీద చర్చ అనవసరం.

ఇప్పుడు కొత్తగా వచ్చింది ప్రేమ హార్మోన్ గోల. ఫోనులో బొమ్మ చూపించి, "ముక్కులో కొట్టే ఆక్సిటోసిన్ స్ప్రే ఉందా, మా బాబుకి ఆటిజం, మాట వస్తుందంట" అని అడిగే తల్లిదండ్రులు నా షాపుకి వస్తున్నారు. పాపం, ఎక్కడో వీడియో చూసి ఉంటారు. అమెరికాలో ఆటిజం ఉన్న 290 మంది పిల్లల్ని, టీనేజర్లని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి 24 వారాలు ఈ స్ప్రే ఇచ్చి చూశారు. 2021లో ఫలితం వచ్చింది, మందు లేని ఉత్తుత్తి స్ప్రే ఇచ్చిన రెండో జట్టుకీ వీళ్లకీ తేడా ఏమీ లేదు. తల్లీబిడ్డల బంధంలో ఆక్సిటోసిన్‌కి పాత్ర ఉన్నమాట నిజం, ముక్కులో కొడితే ఆటిజం తగ్గుతుందన్నది నిజం కాదు. ఆ డబ్బు, ఆ కాలం ఆ పిల్లాడికి మాట నేర్పే స్పీచ్ థెరపీ మీద పెట్టమని చెప్పండి. ఎంత చిన్న వయసులో మొదలుపెడితే అంత మంచిది.

పెప్టైడ్ల కథ అన్నిచోట్లా ఇలా నిరాశగానే లేదు. నిద్ర విషయంలో బాగా తేటతెల్లమైంది. మనిషిని మెలకువగా నిలబెట్టే ఒరెక్సిన్ అనే పెప్టైడ్‌ని 1998లో రెండు బృందాలు దాదాపు ఒకేసారి కనుక్కున్నాయి. రెండేళ్లకే, నార్కోలెప్సీ అనే జబ్బుతో చనిపోయినవాళ్ల మెదళ్లలో దాన్ని తయారుచేసే కణాలు నూటికి 85 నుంచి 95 వరకు మాయమైనట్టు తేలింది. ఆ జబ్బున్న పిల్లాడు పరీక్ష హాల్లో కూడా నిద్రపోతాడు. గట్టిగా నవ్వితే మోకాళ్లు వదిలేసి కూలబడతాడు, స్పృహ మాత్రం ఉంటుంది. స్పృహ ఉండటమే గుర్తు. అది మూర్ఛ కాదు, గాలి సోకడం కాదు, చదువంటే బద్ధకం కాదు. అరుదైన జబ్బే. కానీ అలాంటి పిల్లాడు మీ దగ్గరికి వస్తే ఫిట్స్ మాత్ర రాసి పంపకండి, నరాల డాక్టరు దగ్గరికి పంపండి. ఒంటికణత తలనొప్పికి సీజీఆర్‌పీ అనే పెప్టైడ్‌ని అడ్డుకునే ఇంజెక్షన్లు 2018 నుంచి వాడుకలో ఉన్నాయి. మనవాళ్లకి అందే ధరలో లేవు గనుక దాని గురించి ఇంతే. అయితే రోజూ నొప్పి మాత్ర మింగడమే తలనొప్పిని ముదరబెడుతుందన్న సంగతికి మాత్రం ఖర్చు లేదు, అది చెప్పొచ్చు.

తుఫాను సంగతి వదిలిపెట్టలేను. 1996 నవంబరు 6 రాత్రి మన తీరాన్ని తాకిన తుఫానులో వెయ్యి మందికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు ఆ రాత్రి చూసినవాళ్లు ఇప్పుడు నడివయసు దాటారు. టీవీలో వాయుగుండం మాట వినబడగానే వాళ్లలో కొందరికి నిద్ర పట్టదు, గాలి ఈల వేస్తే ఉలిక్కిపడి లేస్తారు, వాళ్ల కోసం ఆల్‌ప్రజోలం అనే ఆందోళన తగ్గించే మాత్ర చీటీలు నా దగ్గరికి వస్తాయి. న్యూరోపెప్టైడ్ వై అని మెదడులో సమృద్ధిగా ఉండే పెప్టైడ్ ఒకటుంది, 36 అమైనో ఆమ్లాలు, 1982లో స్వీడన్‌లో కనుగొన్నారు. సీఆర్‌ఎఫ్ భయాన్ని రేపితే ఇది చల్లారుస్తుంది. కఠినమైన శిక్షణలో సైనికులని గమనిస్తే ఇది ఎక్కువగా విడుదలైనవాళ్లు ఒత్తిడిని బాగా తట్టుకున్నారు. యుద్ధం చూసి వచ్చి ఏళ్ల తర్వాత కూడా పీడకలలతో బాధపడేవాళ్ల వెన్ను నీటిలో ఇది తక్కువగా కనబడింది. ఇది ఇంకా మందు కాలేదు, పరిశోధన దశలోనే ఉంది. అయినా ఈ విషయం మీకు ఎందుకంటే, ఆ ముసలమ్మ ఉలికిపాటు పిరికితనం కాదని చెప్పడానికి. దానికి మాటలతో చేసే చికిత్స ఉంది, నెలల తరబడి వాడదగ్గ వేరే మాత్రలున్నాయి. ఆల్‌ప్రజోలం వాటిలో లేదు. అది అలవాటవుతుంది, అందుకే దాన్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందుల హెచ్1 జాబితాలో పెట్టి ప్రతి అమ్మకం మా రిజిస్టరులో రాయమన్నారు. చీటీ మీద ఎంబీబీఎస్ సంతకం లేకుండా ఇక మీదట నా షాపులో ఇవ్వడం లేదు. ఈ ఉత్తరం వల్ల నాకు మీలో సగం మందితో బేరం పోతుందని తెలుసు. పక్క షాపాయన ఇస్తాడనీ తెలుసు.

బరువు తగ్గే ఇంజెక్షన్ వేసుకుంటే తాగుడు కూడా తగ్గుతుందట కదా అని ఈ మధ్య మీలో ఒకరు అడిగారు. ఆ సెమాగ్లూటైడ్ అనుకరించే జీఎల్‌పీ-1 అనే పెప్టైడ్ పేగుల్లోనే కాదు, మెదడులోనూ తయారవుతుంది. 2025లో 48 మంది మీద తొమ్మిది వారాలు చేసిన పరీక్షలో తాగే మోతాదు, తాగాలనే కోరిక తగ్గాయి. ఆశ పుట్టించే సంగతే. కానీ 48 మందే. అప్రెపిటెంట్ కథ పైన చెప్పాను, మళ్లీ చెప్పను.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో తాగుడు జబ్బు ఉన్నవాళ్లలో సుమారు 86 శాతం మందికి ఏ చికిత్సా అందడం లేదని తేలింది. ఆ సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో మన రాష్ట్రం లేదు. అయినా మన లెక్క దానికన్నా మెరుగ్గా ఉంటుందని నేను అనుకోను. మస్కట్‌లో, కువైట్‌లో పాచిపని చేసి భార్య పంపే డబ్బుతో ఇక్కడ భర్త తాగే ఇళ్లు మన ఊళ్లలో ఎన్నున్నాయో వేళ్లు మడిచి చెప్పగలరు మీరు. ఇక్కడ సీసా ఖరీదైతే యానాం పోయి తెచ్చుకుంటారు. ఆ భార్య అక్కడి నుంచి ఫోన్ చేసి, "ఏదన్నా కలిపి పెట్టమని అత్తకి చెప్పండి డాక్టరు గారూ" అనడంలో ఆశ్చర్యం లేదు. ఆవిడకి ఇంకో దారి ఉందని చెప్పినవాళ్లు లేరు.

మిమ్మల్ని కోరేది ఇది. చెప్పకుండా కలిపే పొడి ఆపండి, నేను ఆపేశాను. తాగుడు మానాలని ఎవరైనా మీతో అంటే, ఆ మాట అన్న వారంలోనే పంపండి. సంక్రాంతి వెళ్లాక చూద్దాం, కోడి పందాలు అయ్యాక చూద్దాం అంటే వాడి మనసు మారిపోతుంది. ఒంటరిగా పంపకుండా ఇంటి మనిషిని తోడు పంపండి, వాడుతున్న మందుల చీటీ చేతికి ఇవ్వండి, ట్రమడాల్ సంగతి దాచొద్దని గట్టిగా చెప్పండి. తిరిగి వచ్చాక మాత్ర వేసుకుంటున్నాడో లేదో చూసేది కాకినాడ డాక్టరు కాదు, మీరే. మధ్యలో ఒకసారి తాగాడని మాత్ర ఆపేయొద్దనీ మీరే చెప్పాలి. ఆ చూసే పనికి మీరు ఫీజు తీసుకుంటే నాకేం అభ్యంతరం లేదు.

కాకినాడ దాకా వెళ్లలేనివాళ్లకి 14416 ఉంది. కేంద్రం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ లైను. డబ్బు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, రాత్రి కూడా ఎత్తుతారు. ఆ నంబరు పెద్ద అక్షరాలతో కాగితాల మీద కొట్టించి షాపులో పెట్టాను. మీ గదిలో గోడకి అంటించుకోవడానికి కావాలంటే, మందుల కోసం కుర్రాణ్ణి పంపినప్పుడు అతనితో చెప్పండి, ఇచ్చి పంపుతాను.

ఇట్లు,
కోనసీమ నుంచి ఒక మందుల షాపాయన